సమ్మె నోటీసు నుంచి సంజాయిషీ మెమో దాకా: నా అనుభవం

నేను మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఎస్జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌ని. చీరాలలో ఉంటాను. బడి అక్కడికి 18 కిలోమీటర్లు. 2008 డీఎస్సీ (టీచర్ల ఎంపిక పరీక్ష)లో ఎంపికై ఉద్యోగంలోకి వచ్చాను కాబట్టి కొత్త పెన్షన్ పథకం సీపీఎస్ కిందికి వస్తాను. 2022 జనవరి 7 నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా నాకు ఎదురైనవి ఎదురైనట్టు రాస్తున్నాను. సమ్మె నోటీసు అంటే ఏమిటో, దాని వెనక మనకు ఏ హక్కు ఉందో, ఏది లేదో ఇన్నేళ్ల సర్వీసులో నేనెప్పుడూ పట్టించుకోలేదు. నాలాంటివాళ్లు చాలామందే ఉంటారని రాస్తున్నాను.

జనవరి 7 శుక్రవారం. సాయంత్రం ఫోన్‌లో వార్త చూశాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పీఆర్సీ, అంటే వేతన సవరణ ప్రకటించింది. ఫిట్‌మెంట్ (మూలవేతనం మీద ఇచ్చే పెంపు) 23 శాతం, రిటైర్మెంట్ వయసు 62. మేం 2019 జులై నుంచి పీఆర్సీ వచ్చేదాకా ఇచ్చే మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటున్నాం. ఇప్పటికే చేతికి వస్తున్నదానికన్నా పీఆర్సీ తక్కువ రావడం ఏమిటని ఎవరికీ అర్థం కాలేదు. అయినా పండగ ముందు రోజులు, ఎవరి హడావుడిలో వాళ్లున్నాం. సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాను, అరిసెలు వండుకున్నాం, ఆ సంగతే మర్చిపోయాను.

17వ తేదీ సోమవారం బడులు తెరిచారు. ఆ రాత్రే జీవోలు వచ్చాయి. పడుకోబోతుంటే వాట్సాప్ గ్రూపు మోగడం మొదలై ఒంటిగంట దాకా ఆగలేదు. మర్నాటి నుంచి అందరి నోటా ఒకటే మాట, చీకటి జీవోలు. పల్లెల్లో పనిచేసేవాళ్ల హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 12 శాతం నుంచి 8 శాతానికి తగ్గింది. ఐదేళ్లకోసారి వచ్చే పీఆర్సీ ఇకపై ఉండదన్నారు. తీసుకున్న మధ్యంతర భృతిని డీఏ (కరువు భత్యం) బకాయిల్లో సర్దేస్తామన్నారు. 70 ఏళ్లు దాటిన పెన్షనర్లకు ఇచ్చే అదనపు పెన్షన్‌ను 80 ఏళ్లకు జరిపారు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల బెల్లు తర్వాత కాగితం తీసుకుని లెక్క వేసుకున్నాను. నా పాత మూలవేతనం 31,460. దాని మీద 27 శాతం భృతి 8,494 రూపాయలు. కొత్త మూలవేతనం 48,440కి వస్తుంది. దాని మీద 8 శాతం హెచ్‌ఆర్‌ఏ 3,875. పాత 12 శాతమే ఉంచి ఉంటే 5,813 వచ్చేది. మొత్తం జీతం తగ్గలేదు, పెరిగింది చూడండి అని ప్రభుత్వం వాళ్లు అన్నారు. నిజమే, ఐదు డీఏలు ఒకేసారి కలిపారు కాబట్టి కాగితం మీద పెరిగింది. ఆ డీఏలు ఎప్పుడో రావలసినవి. మా బాకీ మాకు చెల్లించి దాన్ని పెంపు అనడం దగ్గరే నా మనసు విరిగింది. డబ్బు ఎంత తగ్గిందన్నది ఆ తర్వాతి సంగతి.

20వ తేదీన ఉపాధ్యాయ సంఘాలు కలెక్టరేట్ల ముట్టడికి పిలుపునిచ్చాయి. సీఎల్ (సాధారణ సెలవు) పెట్టి ఒంగోలు వెళ్లాను. అంతకుముందు ఏ ధర్నాకూ వెళ్లింది లేదు. సంఘం చందా కట్టడం, క్యాలెండర్ తెచ్చుకోవడం వరకే నా సంబంధం. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, గొంతు పోయేలా అరిచి, రాత్రికి జ్వరంతో ఇల్లు చేరాను. కరోనా మూడో వేవ్ నడుస్తున్న రోజులు. టెస్టు చేయించుకుంటే నెగెటివ్ వచ్చింది. ఫలితం వచ్చేదాకా రెండు రోజులు ఇంట్లో అందరం భయపడుతూనే ఉన్నాం.

24న ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాలన్నీ కలిసిన పీఆర్సీ సాధన సమితి సమ్మె నోటీసు ఇచ్చింది. ఫిబ్రవరి 6 అర్ధరాత్రి నుంచి, అంటే 7వ తేదీ నుంచి సమ్మె. మధ్యలో కార్యక్రమాలు కూడా ప్రకటించారు. 25న ర్యాలీలు, 26న అంబేడ్కర్ విగ్రహాలకు వినతిపత్రాలు, 27 నుంచి 30 దాకా రిలే నిరాహార దీక్షలు, ఫిబ్రవరి 3న చలో విజయవాడ, 5 నుంచి సహాయ నిరాకరణ. ఆ జాబితా చూశాక ధైర్యం వచ్చింది. నోటీసు ఇచ్చాం, గడువు ఇచ్చాం, ఇక అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది అనుకున్నాను.

28న నా వంతు దీక్షలో కూర్చున్నాను. టెంటు కింద ఇరవై మందిమి ఉన్నాం. మాకు మద్దతుగా రిటైరైన తెలుగు మాస్టారొకరు వచ్చారు. సర్వీసులో ఉండగా సంఘంలో తిరిగిన మనిషి. రూల్సన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మాటల్లో నేను అడిగాను, "పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇచ్చాం కదండీ, ఇక సమ్మె చట్టబద్ధమే కదా?"

ఆయన నా వైపు కాసేపు చూశారు. "ఆ పద్నాలుగు రోజుల లెక్క పారిశ్రామిక వివాదాల చట్టంలోదమ్మా. ఆ చట్టం కార్మికులకు. టీచరు కార్మికుడు కాదని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది, గోవాలో ఒక టీచరమ్మ వేసిన కేసులో" అన్నారు.

"మరి మనకు ఏ చట్టం?"

"మనకు చట్టం లేదు, రూలుంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళిలో నాలుగో రూలు. ప్రభుత్వోద్యోగి ఎవరూ సమ్మెలో గానీ అలాంటి పనుల్లో గానీ పాల్గొనకూడదు. అలాంటి పనులంటే ఏమిటో కూడా దాని కిందే రాసి ఉంది. ప్రభుత్వంతో ఏదైనా చేయించుకోవాలని అనుమతి లేకుండా పని మానేయడం ఒకటి, నిరాహార దీక్ష ఒకటి."

నేను దీక్ష టెంటు కింద కూర్చుని ఆ మాట విన్నాను. మెడలో పూలదండ ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అప్పటిదాకా సమ్మె అంటే 7వ తేదీన మొదలయ్యేదనుకున్నాను. రూలు ప్రకారం చూస్తే నేను అప్పటికే సమ్మెలో ఉన్నట్టు లెక్క.

ఆ రోజు ఆయన చాలాసేపు చెప్పారు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది గానీ అందులో సమ్మె హక్కు కలిసి లేదని 1961లో బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది, 1962లో, బీహార్ ప్రభుత్వోద్యోగి కామేశ్వర్ ప్రసాద్ కేసులో మాత్రం శాంతియుతంగా ప్రదర్శన చేయడాన్ని పూర్తిగా నిషేధించడం చెల్లదంది. ఊరేగింపు చేయవచ్చు, నినాదం ఇవ్వవచ్చు, పని ఆపితే మాత్రం రక్షణ లేదు. ఆపైన 2003 తమిళనాడు. అప్పటి ప్రభుత్వం సమ్మె చేసిన లక్షా 70 వేల మంది ఉద్యోగులను, టీచర్లతో సహా, ఉద్యోగాల్లోంచి తీసేసింది. వాళ్లు కోర్టుకు వెళితే ఆ ఏడాది ఆగస్టు 6న రంగరాజన్ కేసులో తీర్పు వచ్చింది. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు లేదు, చట్టపరమైన హక్కు లేదు, నైతిక హక్కు కూడా లేదు. కోర్టు సూచన మీద ఎక్కువమందిని తిరిగి తీసుకున్నారు, బేషరతు క్షమాపణ రాయించుకుని.

నైతిక హక్కు కూడా లేదన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. చట్టం సంగతి చట్టం చెబుతుంది. కరోనా రోజుల్లో మా మండలంలోనే తోటి టీచర్లు కొందరు పోయారు. వాళ్ల ఇళ్లకు వెళ్లి వచ్చినదాన్ని నేను. ఒక తరగతి గదిలో మూడు తరగతులు కూర్చోబెట్టుకుని పాఠం చెబుతున్నదాన్ని. నాకు నైతికంగా ఏ హక్కు ఉందో లేదో నేను కూడా ఆలోచించుకోగలను. ఆ రాత్రి నిమ్మరసం తాగి ఇంటికి వచ్చాక ఫోన్‌లో ఆ రూలు వెతికి నాలుగుసార్లు చదివాను.

మా ఆయన ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్. కరోనాలో ఏడు నెలలు జీతం లేదు, తర్వాత సగం జీతం. నేను చదివి వినిపిస్తే అంతా విని, "మీకు హక్కు లేదని చెప్పడానికైనా ఒక రూలుంది. మా దగ్గర ఆ ఏడు నెలల్లో సమ్మె అన్న మాట ఎవరి నోటా రాలేదు" అన్నారు. తర్వాత మేం ఇద్దరం ఇంటి అప్పు లెక్క చూసుకున్నాం. నెలకు 14,200 కిస్తీ. సమ్మె పది రోజులైతే జీతం ఎంత కోస్తారు, నెలైతే ఏం చేయాలి. పాప కాలేజీ ఫీజు రెండో విడత మార్చిలో. నా చేతి గాజులు రెండు ఒకసారి చూసుకున్నాను. ఆయన చూశారు గానీ ఏమీ అనలేదు.

మా హెచ్‌ఎం సార్ 2013 సమైక్యాంధ్ర సమ్మెలో ఉన్నారు. ఉద్యోగులు అప్పుడు 60 రోజులు దాటి సమ్మె చేశారు. టీచర్లు వాళ్లకన్నా కొంచెం ముందే, దసరా ముందర విరమించారు. జీతం లేక వాళ్ల చిన్నబ్బాయి ఫీజుకు అప్పు చేశాననీ, తర్వాత సెలవు రోజుల్లో బడి నడిపి ఆ రోజులు పూడ్చామనీ చెప్పారు. "అప్పుడు ఎవరూ మెమో ఇవ్వలేదు మేడం. అందరూ ఉన్నారు కదా, ఎంతమందికి ఇస్తారు? రూలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మనం ఎంతమందిమి ఉన్నాం అన్నదాన్ని బట్టి అది లేస్తుంది, పడుకుంటుంది." ఈ రెండు నెలల్లో నేను విన్న మాటలన్నిటిలో ఎక్కువగా నిజమైంది ఇదే. సర్వీసులో బ్రేక్ పడితే ఇంక్రిమెంటుకు ఏమవుతుంది, ప్రమోషన్ సీనియారిటీకి ఏమవుతుంది అని అడిగితే మాత్రం సార్ దగ్గర కూడా జవాబు లేదు. సమ్మె ముగిసేటప్పుడు నాయకులు రాయించుకునే ఒప్పందంలో ఏం ఉంటే అదేనట.

ఫిబ్రవరి 1న కొత్త లెక్క ప్రకారమే జీతం పడింది. పాత జీతమే ఇవ్వండని మేం అడిగాం. కొత్త బిల్లులు చేయబోమని ట్రెజరీ వాళ్లు మొరాయించారని విన్నాం. అయినా పడింది. ఆ మెసేజ్ చూసుకున్నప్పుడు, నెల రోజులుగా మేం అరుస్తున్నది ఎవరికీ వినబడలేదేమో అనిపించింది.

2వ తేదీ పొద్దున మా మండల సంఘ నాయకుడి ఇంటికి పోలీసులు వెళ్లి నోటీసు ఇచ్చారు. 149 సెక్షన్ కింద ముందస్తు నోటీసు, విజయవాడ వెళ్లవద్దని. కరోనా నిబంధనల వల్ల సభకు అనుమతి లేదన్నారు. మధ్యాహ్నం మా వీధికీ ఒక కానిస్టేబుల్ వచ్చాడు. వాళ్లమ్మాయికి నేను మూడో తరగతిలో చదువు చెప్పాను. గుమ్మంలోనే నిలబడి, "మీరేం పోవట్లేదు కదా టీచర్‌గారూ?" అన్నాడు. నేను అబద్ధం చెప్పలేను, నిజం చెప్పలేను. మంచినీళ్లు తాగుతారా అన్నాను. తాగి, గ్లాసు ఇస్తూ, "మాకూ ఇదే పీఆర్సీ అండీ. మేం టెంటులో కూర్చోలేం, అంతే తేడా" అని వెళ్లిపోయాడు.

రాత్రి 11 నుంచి 5 దాకా కర్ఫ్యూ ఉంది. తెల్లవారుజామున బయల్దేరితే రోడ్డు మీదే ఆపేస్తారని, నేనూ ఇంకో ఇద్దరు టీచర్లూ సాయంత్రమే ఆర్టీసీ బస్సెక్కి బాపట్ల, పొన్నూరు మీదుగా తెనాలిలో మా పిన్ని ఇంటికి చేరాం. సెలవు చీటీ బడిలో ఇచ్చే వచ్చాను. ఆ రోజుకు ఎవరికీ సీఎల్ మంజూరు చేయవద్దని పైనుంచి ఫోన్ వచ్చిందని హెచ్‌ఎం సార్ చెప్పారు. "చీటీ తీసుకున్నట్టు సంతకం పెడతాను, మంజూరు అని మాత్రం రాయలేను" అన్నారు. ఆ సంతకం ఉన్న కాగితాన్ని ఫోటో తీసుకున్నాను. నాకు ఈ మొత్తంలో పనికొచ్చిన తెలివైన పని అదొక్కటే. మీరు ఇలాంటిదానికి వెళితే సెలవు చీటీ తప్పకుండా ఇవ్వండి, ఇచ్చినట్టు రుజువు ఉంచుకోండి. చీటీ ఇచ్చి రాకపోవడం వేరు, చెప్పకుండా రాకపోవడం వేరు. ఆ తేడా తర్వాత తెలుస్తుంది.

3వ తేదీ గురువారం పొద్దున్నే మా పిన్ని ఒక బుట్టలో కొబ్బరికాయలు, పూలు, పసుపు కుంకుమ సర్ది ఇచ్చింది. ఎవరడిగినా కొండ మీద అమ్మవారి దర్శనానికి అని చెప్పమంది. టీచర్ ఐడీ కార్డు ఇంట్లోనే వదిలి ఆధార్ మాత్రం పెట్టుకున్నాం. తెనాలి నుంచి ఆటోలో దుగ్గిరాల, అక్కడి నుంచి ఇంకో ఆటోలో మంగళగిరి, మంగళగిరిలో బస్సు. వారధి దగ్గర బస్సు ఆపి పోలీసులు ఎక్కారు. వెనక సీట్లో ఉన్న మా స్కూలు కుర్ర టీచరు, 2018 డీఎస్సీలో వచ్చినవాడు, కంగారులో ఏదో తడబడ్డాడు. దించేశారు. సాయంత్రం దాకా ఒక కల్యాణమండపంలో కూర్చోబెట్టి పంపారట. భోజనం మాత్రం పెట్టారని చెప్పాడు. మా వైపు చూసిన ఎస్సై బుట్ట చూసి ఊరుకున్నాడు. పిల్లలకు అబద్ధం చెప్పకూడదని రోజూ చెప్పేదాన్ని, దేవుడి పేరు మీద అబద్ధం మోసుకుంటూ కృష్ణ దాటాను. ఆ సంగతి ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. ఒక ఊరేగింపుకు వెళ్లడానికి టీచరు ఇలా వెళ్లవలసి రావడం ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది.

బీఆర్టీఎస్ రోడ్డు చేరేసరికి పదిన్నర. సందుల్లోంచి, ఆటోల్లోంచి, ఒకళ్లిద్దరుగా జనం వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లు చున్నీ కింద, చొక్కా లోపల దాచుకున్న బ్యానర్లు బయటికి తీస్తున్నారు. గంటలో రోడ్డు రెండు వైపులా కనబడకుండా నిండిపోయింది. ఎవరో కూలి పనికి వెళ్లే వేషంలో వచ్చారు, ఎవరో పెళ్లివారమని చెప్పి వచ్చారు. నాతో డైట్ (టీచర్ ట్రైనింగ్ కాలేజీ)లో చదివిన అమ్మాయి పదిహేనేళ్ల తర్వాత అక్కడ కనిపించింది. ఇంకా పెద్ద సంగతి, మా ఏడో తరగతి లెక్కల మాస్టారు కనిపించారు. డెబ్బై దాటిన మనిషి. చేతికర్ర పట్టుకుని డివైడర్ మీద కూర్చున్నారు. దండం పెట్టి, మీరెందుకొచ్చారు సార్ అంటే, "నా పది శాతం పోయింది కదమ్మా, ఎనభై దాటాక ఇస్తారట. అప్పటికి ఉంటానో లేదో చూద్దామని వాళ్ల ఉద్దేశం" అన్నారు. ఆయనకు నా బుట్టలోని కొబ్బరి చెక్క, రెండు అరటిపళ్లు ఇచ్చాను. ఆ రోజు మధ్యాహ్నం ఆయన తిన్నది అదే.

రెండు రోజుల ప్రయాణానికి, తిండికి నాకు అయింది 560 రూపాయలు. దీక్ష శిబిరానికి ఇచ్చింది 500. రెండు సీఎల్‌లు.

4వ తేదీ శుక్రవారం బడికి వెళ్లాను. మంత్రుల కమిటీతో చర్చలు మొదలయ్యాయని వార్తలు. మేం మాత్రం సోమవారం సమ్మె అన్నట్టే సర్దుకుంటున్నాం. సమ్మె అంటే ఇంట్లో కూర్చోవడం అనుకుంటారు. దాని ముందు ఎంత పని ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. బియ్యం బస్తాలు ఎన్ని ఉన్నాయి, గుడ్లు ఎన్ని, చిక్కీలు ఎన్ని, లెక్క రాసి సంతకాలు చేయాలి. తాళాలు ఎవరికి ఇవ్వాలి? గ్రామ సచివాలయం వాళ్లు వచ్చి అడిగితే ఇవ్వాలా వద్దా? పిల్లలకు ఏం చెప్పాలి?

పిల్లలకు చెప్పడమే అన్నిటికన్నా కష్టం. నా మూడో తరగతి పిల్లలు ఒకటో తరగతి చివర్లో కరోనాతో ఇళ్లకు పోయినవాళ్లు. ఇప్పుడిప్పుడే గుణింతాలు గుర్తు చేసుకుంటున్నారు. సోమవారం నుంచి టీచర్ రాకపోవచ్చు అంటే ఒక పిల్ల, "మళ్లీ కరోనా వచ్చిందా టీచర్?" అంది. కాదు, జీతం గురించి అడుగుతున్నాం అని చెప్పాను. వాళ్ల దగ్గర ఇంకో మాట చెప్పబుద్ధి కాలేదు.

సాయంత్రం ఊళ్లోకి వెళ్లి కొందరు తల్లిదండ్రులతో మాట్లాడాను. అందరూ మెచ్చుకున్నారని రాస్తే అది అబద్ధం. ఒకాయన మొహం మీదే అన్నాడు, "మీకు అరవై వేలు వస్తన్నాయంట కదా మేడమ్‌గారూ, మిరపకాయ కోతకు పోతే మాకు ఎంతొచ్చిద్దో తెలుసా?" తెలుసు. నా దగ్గర దానికి జవాబు లేదు. నిలబడి విన్నాను. ఇంకో తల్లి సమ్మె గురించి ఏమీ అనకుండా ఒక్కటే అడిగింది, "మరి మధ్యాహ్నం అన్నం పెట్టిచ్చారా?" వంట చేసే ఆమె బడి దగ్గరే ఎదురుచూస్తోంది. ఆమెకు నెలకు ఇచ్చేది మూడు వేలు. "బడి మూస్తే నా బిల్లు వచ్చిద్దా అమ్మా?" అంది. కనుక్కుని చెబుతానన్నాను. ఎవరిని అడగాలో తెలియలేదు. మా సమ్మె నోటీసులో ఆమె లేదు. ఆమె గురించి అప్పటిదాకా నేను ఆలోచించనూ లేదు.

5వ తేదీ శనివారం రాత్రి పదకొండు దాటాక తెలిసింది, చర్చలు ముగిశాయి, సమ్మె విరమించారు అని. ఫిట్‌మెంట్ 23 శాతమే, మారలేదు. మధ్యంతర భృతి రికవరీ ఉండదు. ఐదేళ్ల పీఆర్సీ కొనసాగుతుంది. 50 వేల లోపు జనాభా ఉన్న చోట హెచ్‌ఆర్‌ఏ 8 నుంచి 10 శాతం. 70 నుంచి 74 ఏళ్ల పెన్షనర్లకు 7 శాతం, 75 నుంచి 79 వాళ్లకు 12 శాతం. ఉపాధ్యాయ సంఘాల నాయకులు ఒప్పుకోలేదని, బయటికి వచ్చేశారని కాసేపటికి తెలిసింది. గ్రూపులో తెల్లారిందాకా తిట్లు, ఏడుపులు. నేను ఏమీ రాయలేదు. నిజం చెప్పాలంటే వార్త చదివిన మొదటి క్షణం నాకు కలిగింది కోపం కాదు, ఊరట. కిస్తీ కట్టుకోవచ్చు, పిల్లలు సోమవారం బడికి వస్తారు. కోపం అర్ధగంట తర్వాత వచ్చింది, అది ఇప్పటికీ పోలేదు. ఫిట్‌మెంట్ కోసం మొదలైన పోరాటం ఫిట్‌మెంట్ అంగుళం కదలకుండా ముగిసింది. నా లెక్క ప్రకారం హెచ్‌ఆర్‌ఏలో 2 శాతం అంటే నెలకు 969 రూపాయలు. రికవరీ ఆగడం పెద్ద విషయమే, కాదనను. దాన్ని వాళ్లు కొత్తగా ఇచ్చింది కాదు, మా జేబులోంచి తీసుకోవడం మానుకున్నారు.

మా లెక్కల మాస్టారికి ఫోన్ చేశాను. ఏడు శాతం వచ్చిందట కదా సార్ అన్నాను. "పదిలో ఏడు. లెక్కల్లో ఫస్ట్ క్లాసే" అన్నారు గానీ ఆ గొంతులో సంతోషం లేదు.

7వ తేదీ మా మండలంలో కొందరం నల్ల బ్యాడ్జీలతో బడికి వెళ్లాం. పిల్లలు అందరూ వచ్చారు. కనుక్కుని చెబుతానన్న మాటకు జవాబు అవసరం లేకుండానే వంట చేసే ఆమె పొయ్యి వెలిగించింది. నాకు ఆమె ముఖం చూడటం కష్టమైంది.

10వ తేదీ గురువారం మెమో వచ్చింది. 3వ తేదీన అనుమతి లేకుండా విధులకు గైర్హాజరు, ప్రవర్తనా నియమావళి నాలుగో రూలు ఉల్లంఘన, మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. మా మండలంలో అదే మాటలతో కొంతమందికి వచ్చింది, కొంతమందికి రాలేదు. ఎందుకు కొందరికే అంటే ఎవరూ చెప్పలేకపోయారు. వారధి దగ్గర దించేసిన మా స్కూలు కుర్రవాడికి వచ్చింది, పాపం అతను సభ దాకా చేరనే లేదు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఇన్నేళ్లలో నా పేరు మీద వచ్చిన మొదటి మెమో. ఇంట్లో రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు, పాపకు అసలే చెప్పలేదు.

జవాబు రాయడానికి రిటైరైన తెలుగు మాస్టారే సాయం చేశారు. మొదట నేను రెండు పేజీలు రాశాను, పీఆర్సీ అన్యాయం, కరోనా, అన్నీ. ఆయన చదివి పక్కన పెట్టారు. "ఇది వ్యాసం. వాళ్లు అడిగింది రాలేదేమని. దానికి జవాబు రాయి." చివరికి ఎనిమిది వాక్యాలు మిగిలాయి. ఫలానా తేదీన సాధారణ సెలవుకు దరఖాస్తు ఇచ్చాను, నా ఖాతాలో సెలవులు ఉన్నాయి, ప్రధానోపాధ్యాయులు అందుకున్నట్టు సంతకం చేశారు, నకలు జతపరిచాను. ఆ రోజు బోధన దెబ్బతినకుండా నా తరగతులకు పని అప్పగించి వెళ్లాను. సమ్మె మొదలే కాలేదు కాబట్టి సమ్మెలో పాల్గొన్నానన్నది వాస్తవం కాదు. శాంతియుత ప్రదర్శన విషయంలో 1962 నాటి సుప్రీంకోర్టు తీర్పును గమనించగలరు. క్షమించమని ఎక్కడైనా రాయాలా అని అడిగాను. అది నీ ఇష్టం అన్నారు మాస్టారు. రాత్రంతా ఆలోచించి, రాయలేదు.

12వ తేదీ రెండో శనివారం, ఆఫీసుకు సెలవు. 14న స్వయంగా వెళ్లి ఇచ్చాను. రసీదు అడిగితే గుమస్తా విసుక్కున్నాడు. ముప్పావుగంట నిలబడ్డాక నకలు మీద ముద్ర వేసి తేదీ వేశాడు. గడువు మూడు రోజులే కదా, ఒక రోజు దాటింది అంటారేమోనని మెమో అందిన తేదీతో కూడిన సంతకం కూడా దగ్గర పెట్టుకున్నాను. సెలవు రోజులు మధ్యలో వచ్చాయి కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు.

జవాబు ఇచ్చి, ఇది రాసేనాటికి ఆరు వారాలు. జవాబు సంతృప్తికరంగా ఉందని గానీ లేదని గానీ ఏ కాగితమూ రాలేదు. 3వ తేదీ నా హాజరు పట్టీలో ఖాళీగా ఉంది, సీఎల్ అని రాయలేదు, గైర్హాజరు అనీ రాయలేదు. హెచ్‌ఎం సార్ పై నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా పెన్సిల్ గీత కూడా పెట్టనన్నారు. నెలాఖరుకు పట్టీ మూసేటప్పుడు ప్రతిసారీ ఆ గడి నాకు చూపించి పక్క పేజీ తిప్పుతారు.